అన్నము ముట్టని సహోదరుడు

ధ్యాన భాగము: 1 రాజులు 19:4–8



ఏలీయా బదరీవృక్షము క్రింద పరుండి చావు కోరుకొన్నప్పుడు దేవుడు అతనిని గద్దింపలేదు. దూత వచ్చి తట్టి లేపి, తినుమనెను. నిప్పులమీద కాల్చిన అప్పము, బుడ్డిలో నీళ్లు, అంతే. అతడు తిని మరల పండుకొనెను. దూత రెండవమారు వచ్చి మరల పెట్టెను. హోరేబులో అడిగిన ప్రశ్న ఆ తరువాతి సంగతి.

మనమైతే ప్రశ్నలతోనే మొదలుపెట్టుదుము. ఆడపిల్ల తినకపోయిన తల్లి కనిపెట్టును. మగవాడు తినకపోయిన ఉపవాసమున్నాడని మెచ్చుకొందుము, లేదా దయ్యము పట్టినదని కట్టివేయుదుము. ఇది పురుషులకు రాని జబ్బని అనుకొనుట పొరపాటు. 1689లో రిచర్డ్ మార్టన్ అను ఇంగ్లండు వైద్యుడు ఇట్టి క్షీణతను గూర్చి వ్రాసినప్పుడు, అతడు వర్ణించిన ఇద్దరిలో ఒకడు పదునారేండ్ల బాలుడు, అందులోను ఒక బోధకుని కుమారుడు.

కొందరు ఎముకలు తేలినను లావైపోదుమని భయపడి తినరు. మరికొందరికి మతి చెదరి, తినవద్దను స్వరము వినబడును, లేక కూటిలో విషమున్నదని తోచును. ఈ రెండును ఒక్కనిలోనే ఉండవచ్చును. అట్టివాడు ఒకటి చెప్పి ఒకటి దాచును గనుక వైద్యునికి రెండును తెలియవలెను.

కర్ట్ గోడెల్ అను గొప్ప గణితశాస్త్రజ్ఞుడు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో నివసించెను, ఐన్‌స్టయినుకు స్నేహితుడు. తనకు విషము పెట్టుదురని ఆయనకు భయము. భార్య అడెలె రుచిచూచి యిచ్చినదే తినెడివాడు. 1977లో ఆమె జబ్బుపడి ఆసుపత్రిలో నుండగా తిండి మానుకొనెను. 1978 జనవరి 14న చనిపోవునాటికి ఆయన బరువు సుమారు 30 కిలోలు. తర్కశాస్త్రములో అంతటివాడు! ఆ భయమును తర్కము తీర్చలేదు. అన్నాళ్లు ఆయనను బ్రదికించినది ఆ యిల్లాలి గరిటె. కాబట్టి రోగితో వాదింపకుడి. అతని యెదుట ఒక ముద్ద మీరు తిని, తరువాత అతనికి పెట్టుడి.

నిజమైన ఉపవాసమునకు ముగింపు దినమున్నది, విడువుమనిన విడువవచ్చును. రోగి విడువలేడు. అతనికి ఇంకొక నలువది దినములు ఉపవాసము చెప్పు బోధకుడు ఏలీయాకు అప్పము తెచ్చిన దూత యెరుగని పని చేయుచున్నాడు.

ఒక హెచ్చరిక. చాలా దినములు పస్తున్నవానికి ప్రేమకొలది ఒక్కసారిగా కడుపునిండ పెట్టకూడదు. రక్తములోని లవణములు పడిపోయి గుండె ఆగిపోవచ్చును. ఆసుపత్రిలో వైద్యుడు చూచుచుండగా కొంచెము కొంచెముగా పెంచవలెను. దూత పెట్టినదియు కొంచెమే గదా, నడుమ నిద్రతో.

1952 మొదలు మతిభ్రమకు పనిచేయు మందులున్నవి. వానిలో కొన్ని ఆకలిని, బరువును పెంచును. లావుకు భయపడువాడు అందుకే మాత్రలను రహస్యముగా పారవేయును. కొట్టకుడి, మందు మీరే మాన్పింపకుడి. వైద్యునితో చెప్పిన వేరు మందు చూచును. 14416 అను టెలీ మానస్ నంబరుకు ఫోను చేసిన తెలుగులోనే ఉచితముగా సలహా చెప్పుదురు. వాడు నీరసించి లేవలేకపోయిన, సొమ్మసిల్లిన, ఫోనుతో జాగుచేయక వెంటనే పెద్దాసుపత్రికి తీసికొనిపోవుడి.

పెద్దలారా, ఈ నెల ఉపవాసకూటమునకు పేర్లు వ్రాయునప్పుడు, అప్పటికే అన్నము మానిన మనుష్యుని పేరు వ్రాయకుడి. ఆ సాయంకాలమే ఇద్దరు వాని యింటికి వెళ్లి, ఎన్ని దినములైనదో తల్లిని అడుగుడి. బండి ఖర్చు సంఘపు పెట్టెలోనుండి ఇత్తుము.