జాతర దుకాణంలో ఫలం ఎవరిది?

రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమి వేళ ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని మేడారంలో జరిగే సమ్మక్క–సారలమ్మ జాతర నాలుగు రోజులదే అయినా, దాని చుట్టూ వెలిసే చిన్న వ్యాపారం వెదురు గుంజలతో, టార్పాలిన్ పట్టాలతో అంతకు ముందే మొదలవుతుంది. సరుకుకు పెట్టుబడి అప్పుగానైనా దొరుకుతుంది గాని, పనివాళ్లను జీతానికి పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదు కనుక, భార్య, పిల్లలు, బావమరిది, మేనల్లుడు, ఊరి స్నేహితుడు కలిసి దుకాణాన్ని లాక్కొస్తారు. ప్రభుత్వ శ్రామికశక్తి సర్వేలు కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేయి వేసేవారిని స్వయం ఉపాధి పద్దు కింద లెక్కిస్తాయి. ఈ పని దానమా, సేవా, రుణం తీర్చుకోవడమా, లేక వెట్టియా అన్నది మాత్రం సర్వేలు తేల్చగలిగింది కాదు. అది ధర్మవిచారానికి చెందిన ప్రశ్న.

మేడారంలో బెల్లాన్ని బంగారమంటారు. మొక్కుకున్నవారు తమ బరువుకు సరితూగే బెల్లాన్ని, అంటే నిలువెత్తు బంగారాన్ని, తల్లులకు సమర్పిస్తారు. అటువంటి మొక్కు తూచే దుకాణంలో మనిషిని కాంటా మీద కూర్చోబెట్టేవాడొకడు, ముద్దలు మోసి ఎదుటి తట్టలో పేర్చేవాడొకడు, చిల్లర చూసుకుంటూ గల్లాపెట్టె వదలనివాడొకడు కనబడతారు. పట్టా చాటున మూడు రాళ్ల పొయ్యి మీద ఇందరికీ వండి, చీమలు పట్టకుండా సరుకు కప్పి, రాత్రి దాని పక్కనే ఒరిగే ఇల్లాలు కొనేవారి కంటికి కనబడదు. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు చేరేసరికి ఆ దుకాణంలో కంటినిండా నిద్రపోయినవారు ఉండరు.

ఇటువంటి ప్రశ్నను ఎంతో సూక్ష్మంగా తర్కించినది పూర్వమీమాంస, అంటే వేదకర్మల విధిని, ఫలాన్ని విచారించే శాస్త్రం. యజ్ఞం చేయించుకునే యజమాని ఋత్విజులకు దక్షిణ ఇచ్చి వారి శ్రమను కొంటాడు గనుక యజ్ఞఫలం అతనిదేనని ఆ శాస్త్రం నిర్ణయించింది. ఈ కొనుగోలుకు పరిక్రయమని పేరు. సత్రమనే దీర్ఘయాగంలో మాత్రం పదిహేడు మందికి తగ్గకుండా చేరి, ఒకరికొకరు దక్షిణ ఇచ్చుకోకుండానే కర్మ నడుపుతారు. అక్కడ అందరూ ఋత్విజులే, అందరూ యజమానులే, అందువల్ల ఫలమూ అందరిదే. నడుమ ఒకరు మరణిస్తే సంఖ్య తగ్గకుండా మరొకరిని తెచ్చుకోవచ్చును గాని, అలా వచ్చినవాడు ఫలస్వామి కాడు, భృతికి, అంటే కూలికి వచ్చిన కర్మకరుడు మాత్రమే. ఈ తర్కం ప్రకారం కూలి తీసుకున్నవాడికి ఫలం లేదు, కూలి లేనివాడికి ఫలంలో పాలుంది. కూలీ లేక, పాలూ లేక పనిచేసేవాడికి ఇందులో చోటే లేదు. జాతర దుకాణంలోని బావమరిది నిలబడి ఉన్నది సరిగ్గా ఆ లేని చోటులోనే.

భార్య విషయం ఇంతకంటే స్పష్టం. తెలుగునాట విస్తారంగా అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం దంపతుల మధ్య విభాగం లేదని, పాణిగ్రహణం నాటి నుంచి కర్మలలో, పుణ్యఫలాలలో, ధనార్జనలో వారిది సహత్వమని చెప్పి, భర్త ఊళ్లో లేనప్పుడు సందర్భవశాన భార్య దానం చేస్తే అది దొంగతనం కాదని కూడా చేర్చింది. ఈ చివరి మాటే అసలు పరీక్ష: ఎవరినీ అడగకుండా గల్లాపెట్టెలో చేయి పెట్టగలిగినవారే వ్యాపారంలో భాగస్వాములు. ఈ పరీక్షలో ఎన్ని దుకాణాలు నెగ్గుతాయో పాఠకులు ఊహించుకోవచ్చు.

దీనికి ఎదురుగా తరచు వినబడే వాదం, తల్లుల సన్నిధిలో చేసిన పనికి పుణ్యమే కూలి అన్నది. విచిత్రమేమంటే ఈ పంపకంలో పుణ్యం ఎప్పుడూ సహాయకుడి వంతుకు, రూపాయలు ఎప్పుడూ యజమాని వంతుకు వస్తాయి. నిష్కామకర్మను కూడా ఇక్కడ సాక్ష్యానికి పిలుస్తారు గాని, ఫలాపేక్ష వదులుకొమ్మని గీత చెప్పింది చేసేవాడికే తప్ప, వదిలిన ఫలాన్ని పక్కవాడు ఏరుకొమ్మని కాదు.

వెట్టి అన్న మాట తెలంగాణకు కొత్తది కాదు. నిజాం కాలంలో దొరల గడీలలో కులవృత్తులవారు కూలి లేకుండా చేసిన ఊడిగం అది; రాజ్యాంగం 23వ అధికరణం దాన్ని నిషేధించింది, 1976 నాటి చట్టం కట్టుబానిసత్వాన్ని రద్దు చేసింది. 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కొరడా పట్టుకుంటేనే బలవంతం కాదని, గతిలేని స్థితి కూడా బలవంతమేనని తీర్పు చెప్పింది. అయితే మొహమాటం పెట్టే బలవంతాన్ని ఏ న్యాయస్థానమూ కొలవలేదు. పద్నాలుగేళ్లలోపు పిల్లలు బడి వేళల తర్వాత, సెలవుల్లో, ప్రమాదం లేని కుటుంబ వ్యాపారంలో సాయపడవచ్చని 2016 సవరణ అనుమతించి, మేనమామను, మేనత్తను, బాబాయిని, పిన్నిని కూడా కుటుంబం కిందికి తెచ్చింది. జాతర రాత్రుల్లో నిద్రకు తూగే పిల్లవాడిని గల్లా ముందు కూర్చోబెట్టడానికి ఆ వెసులుబాటును చూపడం న్యాయం కాదు.

పల్లెల్లో బదులు పని ఉంది. నాటు వేళ ఒకరి పొలానికి మరొకరు వెళ్లి, మళ్లీ అదే పనిని తిరిగి పొందుతారు. ఇద్దరికీ పొలం ఉన్నంతవరకు అది చక్కటి ఏర్పాటే. సొంత దుకాణం లేని స్నేహితుడికి మాత్రం ఆ బదులు ఎన్నటికీ తీరదు.

మేడారం సంప్రదాయం ఈ విషయంలో వ్యాపారుల కంటే ముందుంది. కరువు కాలంలో కప్పం కట్టబోమని కాకతీయ సేనను ఎదిరించినది ఒక్క సమ్మక్క కాదు, భర్త పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ, కొడుకు జంపన్న, అల్లుడు గోవిందరాజులు కలిసిన ఇల్లంతా అని ఐతిహ్యం. గద్దెల మీద పూజ సమ్మక్కకే కాక సారలమ్మకు, పగిడిద్దరాజుకు, గోవిందరాజులకు కూడా అందుతుంది, సంపెంగ వాగు జంపన్న పేరే మోస్తున్నది. హుండీ ఆదాయంలోనూ మూడో వంతు కోయ పూజారులకు వాటాగా వెళుతుంది.

కాబట్టి అప్పు, సరుకు ఖర్చు పోగా మిగిలినదానిలో ఇంటివారికి పాలు, బయటినుంచి వచ్చినవారికి కూలి అన్నదే ధర్మం. ఆ మాటను పట్టా కట్టకముందే అనుకోవడం మర్యాదకు లోటు కాదు. శనివారం తల్లులు వనప్రవేశం చేశాక, గుంజలు పీకే వేళకు, అడగడానికి బావమరిదికి నోరు రాదు.