ఎవరూ చదవని పేజీలో నిజం రాస్తామా?



ఈ వారం వీడియోలో ముండకోపనిషత్తు చెప్పే రెండు పక్షుల గురించి మాట్లాడుకున్నాం. ఒకే చెట్టు మీద రెండు పక్షులు. ఒకటి పండు తింటూ ఉంటుంది. రెండోది ఏమీ తినకుండా చూస్తూ ఉంటుంది. తినేది జీవుడు, చూసేది సాక్షి. వింటున్నప్పుడు చాలా బాగుంటుంది. కానీ పొద్దున స్టాండప్ కాల్, మధ్యాహ్నం డెడ్‌లైన్, సాయంత్రం ట్రాఫిక్, రాత్రి ఇంటి నుంచి ఫోన్. ఇంత హడావిడిలో తినే పక్షి గోలే మనకి వినపడుతుంది. చూసే పక్షి ఉందని నమ్మడం వేరు, రోజులో ఒక్క పది నిమిషాలైనా దాని వైపు నుంచి చూడగలగడం వేరు.

దీనికి నేను చేస్తున్న సాధన చాలా చిన్నది. రాత్రి పడుకునే ముందు ఒక మంచి కాగితం ఉన్న నోట్‌బుక్, ఒక ఇంకు పెన్ను, పది లైన్లు. అంతే. పెన్ను గురించి, కాగితం గురించి తర్వాత చెప్తాను. అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఎవరూ చదవరని తెలిసిన పేజీలో మనం నిజమే రాస్తామా?

రాస్తామనే అనుకుంటాం. అబద్ధం చెప్పడానికి ఎదురుగా ఎవరైనా ఉండాలి కదా! వాట్సాప్ స్టేటస్‌కి చూసేవాళ్ళున్నారు, ఆఫీస్ మెయిల్‌కి చదివేవాళ్ళున్నారు. డైరీకి ఎవరూ లేరు. మరి అక్కడ నటించాల్సిన పనేముంది?

కానీ రోజూ రాసేవాళ్ళని ఎవర్నైనా అడిగి చూడండి. ఆరు నెలల పేజీలు తిరగేస్తే చాలామందికి కనిపించేది ఒకటే. మేనేజర్ ఇలా అన్నాడు, అక్క అలా చేసింది, ఫ్రెండ్ పట్టించుకోలేదు, నాన్న అర్థం చేసుకోలేదు. పేజీ నిండా ఇతరుల తప్పులే. అది డైరీలా ఉండదు, పోలీసు వాళ్ళు వేసే ఛార్జిషీటులా ఉంటుంది. అందులో ఒక్క మనిషి మాత్రం కనపడడు. ఆ మాటలు జరుగుతున్నప్పుడు అదే గదిలో ఉన్న రచయిత! ఒక్క అక్షరం అబద్ధం రాయకుండానే పేజీ మొత్తం అబద్ధం అయిపోవచ్చు. మనకి అనుకూలమైన నిజాలు మాత్రమే ఏరుకుంటే చాలు.

"ఏమైంది అయితే? కడుపులో ఉన్నది కక్కేయడానికే కదా డైరీ. ఎవరినీ నొప్పించట్లేదుగా" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. భగవద్గీత 17వ అధ్యాయం 15వ శ్లోకంలో కృష్ణుడు వాఙ్మయ తపస్సు గురించి చెప్తాడు. మాట ఎదుటివాళ్ళని కలవరపెట్టకూడదు, నిజం కావాలి, ప్రియంగా ఉండాలి, మేలు చేయాలి. వీటికి తోడు స్వాధ్యాయం ఉండాలి. ఇదంతా ఇంకొకరికి వినపడే మాట గురించే అనుకుంటే, డైరీకి ఈ నియమాలేవీ వర్తించవు.

నాకు మాత్రం వర్తిస్తాయనే అనిపిస్తుంది. ఎందుకంటే వినేవాళ్ళు ఒకరున్నారు. రాసే మనిషి మనసు. ఒక కోపాన్ని ఒకసారి రాస్తే బరువు దిగుతుంది, నిజమే. అదే కోపాన్ని నలభై రాత్రులు అందమైన అక్షరాల్లో రాస్తే బరువు దిగదు, గట్టిపడుతుంది. మన పెద్దవాళ్ళు సంస్కారం అన్నది దీన్నే. ఏ దారిలో ఎక్కువసార్లు నడిస్తే ఆ దారే పడుతుంది. ఎదుటి మనిషికి ఆ పేజీ ఎప్పటికీ కనపడకపోవచ్చు. కానీ మర్నాడు అదే మనిషితో మాట్లాడేటప్పుడు మన గొంతులో ఆ పేజీ వినపడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రియంగా ఉండాలి అంటే జరిగిన అన్యాయాన్ని పంచదార పూసి రాయమని కాదు. ఎవరైనా మిమ్మల్ని నిజంగా హింసిస్తుంటే, తేదీ, సమయం, అన్న మాట, చేసిన పని ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోండి, నమ్మకమైన మనిషికి చెప్పండి. "సర్దుకుపో" అని మనకి మనమే రాసుకోవడం తపస్సు కాదు, అది కూడా ఒక అబద్ధమే.

మరి న్యాయంగా రాయడం ఎలా? మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ దగ్గర ఒక పద్ధతి ఉంది. సర్వర్ పడిపోయి, అర్ధరాత్రి అందరూ లేచి బాగుచేశాక, మర్నాడు ఒక రిపోర్టు రాస్తారు. దాన్ని బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ అంటారు. అందులో "ఫలానావాడు బుద్ధి లేకుండా చేశాడు" అని రాయకూడదు. ఏ టైముకి ఏం జరిగింది, ఆ క్షణంలో ఎవరికి ఏం తెలుసు, ఎందుకు అలా చేయడం సబబు అనిపించింది, మళ్ళీ జరగకుండా ఏం మార్చాలి. ఇవే రాయాలి. తిట్లు రాస్తే అందరూ నిజం దాచేస్తారు, నిజం దాస్తే సర్వర్ మళ్ళీ పడుతుంది. అందుకే ఈ నియమం. ఇది మంచితనం కోసం మాత్రమే పెట్టుకున్నది కాదు, నిజం బయటికి రావడానికి పెట్టుకున్నది.

ఇదే ఇంటి విషయానికి పెట్టి చూడండి. ఒకబ్బాయికి ఊరి నుంచి నాన్నగారు ఫోన్ చేశారనుకుందాం. సంబంధం గురించి మాట. "నాన్నకి నా మీద నమ్మకమే లేదు" అని రాస్తే అది తీర్పు. "నాన్న మూడుసార్లు ఒకే ప్రశ్న అడిగారు. రెండోసారికే నా గొంతు పెరిగింది. ఆయన వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నారు. ఆ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు" అని రాస్తే అది సాక్ష్యం. రెండో దాంట్లో నాన్నగారికి మార్కులేమీ కలపలేదు, కొడుక్కి కోతా పెట్టలేదు. కానీ చూసే పక్షి కూర్చోవడానికి కాస్త చోటు దొరికింది.

ఇప్పుడు పెన్ను సంగతికి వద్దాం. ఇదంతా ఫోన్‌లో టైప్ చేసినా జరగొచ్చు కదా? జరగొచ్చు. కానీ ఇంకు పెన్నుకి కొన్ని గుణాలున్నాయి. దాంట్లో ఇంకు గురుత్వాకర్షణ వల్ల, పాళీలో ఉండే సన్నని చీలిక వెంట కేశాకర్షణ వల్ల కిందికి వస్తుంది. మనం నొక్కక్కర్లేదు. బాల్ పెన్నులో గుండు దొర్లాలంటే కొంచెం ఒత్తిడి పెట్టాలి, దీనికి కాగితాన్ని తాకితే చాలు. కోపంలో గట్టిగా నొక్కితే పాళీ కాళ్ళు రెండూ విడిపోతాయి, గీత లావవుతుంది, మరీ నొక్కితే పాళీ పాడవుతుంది. అంటే చెయ్యి బిగుసుకుందని మనకంటే ముందు పెన్నే చెప్తుంది.

రెండోది, ఇందులో బ్యాక్‌స్పేస్ లేదు. కొట్టేసిన మాట అక్కడే ఉంటుంది. "అసూయ" అని రాసి, కొట్టేసి, పక్కన "చిరాకు" అని రాశామనుకోండి, ఆ కొట్టివేత మనకి చాలా చెప్తుంది. ఫోన్‌లో అయితే మొదటి మాట జాడ కూడా మిగలదు. మూడోది కాగితం. ఇంకు పీల్చే నాసిరకం కాగితం మీద అక్షరం అలుక్కుపోతుంది, వెనక పేజీకి దిగుతుంది. మంచి కాగితానికి ఇంకు మరీ లోపలికి పోకుండా తయారీలోనే పదార్థం కలుపుతారు. అక్షరం పైన నిలుస్తుంది, కానీ ఆరడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ కాసేపూ పేజీ తిప్పకుండా ఆగాలి. ఆగినప్పుడు రాసింది మనమే చదువుతాం.

అయితే ఇక్కడే ఇంకో చిక్కు. ఒక పెన్నుతో మొదలైంది అయిదు పెన్నులవుతుంది. ఇంకుల్లో నీలంలోనే ఏడు రకాలు. నోట్‌బుక్ మరీ అందంగా ఉందని మొదటి పేజీ పాడుచేయడానికి చెయ్యి రాదు. సాధన కోసం కొన్న వస్తువు సాధనకే అడ్డం కూర్చుంటుంది. అపరిగ్రహం గురించి వీడియోలు చూసే మనం దీన్ని ఎలా సమర్థించుకోవాలి?

ఈ సందర్భంలో నాకు రాజమండ్రి రత్నం పెన్నులు గుర్తొస్తాయి. స్వదేశీ ఉద్యమం రోజుల్లో, 1930లలో, గాంధీగారి ప్రేరణతో కె.వి. రత్నం గారు అక్కడ పెన్నులు చేయడం మొదలుపెట్టారు. ఎబొనైట్ కడ్డీని లేత్ మీద తిప్పి, చేత్తో చేసే పెన్నులవి. ఆ పెన్ను వాడి చూసి, బాగుందని, విదేశీ పెన్నులకి బదులుగా పనికొస్తుందని గాంధీగారు 1935లో కృతజ్ఞతతో ఉత్తరం రాశారు. అంత తక్కువ వస్తువులతో బతికిన మనిషి, మంచి పెన్ను వద్దనలేదు. ఆయన చూసింది ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, పని చేస్తుందా అని.

కాబట్టి ప్రశ్న పెన్ను ఖరీదు ఎంత అని కాదు. నా పరీక్ష ఇది: రేపు ఈ పెన్ను పోతే పది రూపాయల బాల్ పెన్నుతో రాత్రి పది లైన్లూ రాస్తానా? రాస్తాను అంటే అది పనిముట్టు. రాయను అంటే అది ఇంకేదో. దసరాకి ఆయుధపూజ చేస్తాం, పుస్తకాలు, పెన్నులు అమ్మవారి ముందు పెడతాం. పూజయ్యాక వాటిని మళ్ళీ చేతిలోకి తీసుకుంటాం. పనిముట్టుకి గౌరవం పనిలోనే ఉంది. ఇంకు పెన్ను కూడా ఈ మాటే చెప్తుంది. వారాల తరబడి డబ్బాలో దాస్తే పాళీలో ఇంకు ఎండిపోతుంది. మళ్ళీ నీళ్ళతో కడగాల్సిందే.

గీత ఆరో అధ్యాయంలో మనసు నిలవదని అర్జునుడు అంటే, కృష్ణుడు రెండు మాటలు చెప్తాడు: అభ్యాసం, వైరాగ్యం. రోజూ రాయడం అభ్యాసం. మరి వైరాగ్యం ఏది? అది మన ఇళ్ళలోనే ఉంది. రామకోటి రాసే అమ్మమ్మలని చూడండి. కోటి నామాలు రోజుకి వెయ్యి చొప్పున రాసినా 10,000 రోజులు, అంటే 27 ఏళ్ళు దాటుతుంది. నిండిన పుస్తకాలు భద్రాచలం లాంటి క్షేత్రంలో సమర్పించేస్తారు. రాసింది తిరిగి చదువుకోరు, షెల్ఫులో అలంకరించుకోరు. రాయడం అయింది, వదిలేశారు.

అన్నీ వదిలేయాలని కాదు. అన్నమయ్య సంకీర్తనలని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరచడం వల్లే ఈరోజు మనం వాటిని పాడుకుంటున్నాం. అవి లోకం కోసం. మన డైరీ లోకం కోసం కాదు. అందులో అమ్మ బాధ ఉంది, ఫ్రెండ్ నమ్మి చెప్పిన రహస్యం ఉంది. వాళ్ళు మనకి చెప్పారే తప్ప మన నోట్‌బుక్‌కి చెప్పలేదు. ఒకరి డైరీ అడక్కుండా చదవడం దొంగతనం అయితే, అందరి రహస్యాలూ రాసి ఎక్కడపడితే అక్కడ పెట్టడం కూడా బాధ్యత లేకపోవడమే. సర్వర్ లాగ్‌లు కూడా గడువు దాటాక చెరిపేస్తాం, ఎప్పటికీ ఉంచుకోం.

నా పద్ధతి చెప్తాను, నచ్చితే తీసుకోండి. ఏడాది చివర ఒకసారి మొత్తం చదువుతాను. నేర్చుకున్నది ఏదైనా ఉంటే కొత్త నోట్‌బుక్ మొదటి పేజీలో నాలుగు లైన్లు రాసుకుంటాను. దాచుకోవాల్సిన పేజీలు, అంటే చేతికి కొత్త బలం ఇచ్చినవి, చింపి పక్కన పెడతాను. అట్ట, ప్లాస్టిక్ తీసేసి మిగతావి భోగి మంటలో వేస్తాను. మీకు పాతవి దాచుకోవడం ఇష్టమైతే తాళం వేసి దాచుకోండి. కానీ ఎందుకు దాస్తున్నారో ఒక్కసారి అడగండి. గుర్తుంచుకోవడానికా, ఎప్పటికైనా ఒకరి మీద సాక్ష్యంగా వాడటానికా?

ఈ రాత్రికి మొదలుపెట్టాలనుకుంటే కొత్తవేమీ కొనకండి. ఇంట్లో ఉన్న నోట్‌బుక్, ఉన్న పెన్ను చాలు. మూడు ప్రశ్నలు: ఈరోజు ఏం జరిగింది? అందులో నేను ఏం అన్నాను, ఏం చేశాను? ఎదుటి మనిషి ఈ పేజీ చదివితే "జరిగింది ఇదే" అని ఒప్పుకుంటారా? మూడో ప్రశ్న దగ్గర పెన్ను ఆగితే, అక్కడి నుంచే మళ్ళీ రాయండి.

జై శ్రీకృష్ణ.