విశ్వాస భేదం, ప్రేమధర్మం: ఖరగ్‌పూర్ తెలుగు క్రైస్తవుల ముందున్న ప్రశ్న

మతాలన్నీ ప్రేమనే బోధిస్తాయని చెప్పడం సులభం. తన మతాన్ని అంగీకరించని వ్యక్తిని ఏ విధంగా ప్రేమించాలన్న ప్రశ్న ఎదురైనప్పుడే ఆ బోధ పరీక్షకు గురి అవుతుంది. ఎక్కడో దూరాన ఉన్న అన్యమతస్థుని పట్ల సద్భావం కలిగి ఉండడానికి పెద్ద ప్రయాస అవసరం లేదు. ఒకే గోడకు ఇరువైపులా, ఒకే కర్మాగారంలో, కొన్ని సందర్భాలలో ఒకే ఇంటిలో భిన్న విశ్వాసాలవారు జీవించేచోట మాత్రం ఇది దైనందిన సమస్య అవుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ అటువంటి పట్టణం.

ఖరగ్‌పూర్ రైలుమార్గం వల్ల పుట్టి పెరిగిన ఊరు. 19వ శతాబ్ది ముగిసే నాటికి బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గాలు ఇక్కడ కలిశాయి. 20వ శతాబ్ది ఆరంభంలో ఆ కంపెనీ ఇక్కడ పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. 1893-96 సంవత్సరాల మధ్య నిర్మితమైన తూర్పు తీర రైలుమార్గపు ఉత్తర భాగం తరువాత అదే కంపెనీ అధీనంలోకి రావడంతో, నాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువారికి ఉపాధి ద్వారం తెరుచుకున్నది. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగు కూలీలుగా వచ్చినవారి సంతతి మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి ప్రాంతాలలో స్థిరపడింది. 1927 నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మెలో వి.వి. గిరి నాయకత్వం క్రింద భిన్న భాషల, భిన్న మతాల కార్మికులు ఒక్కటిగా నిలిచారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని నిర్ణయించడానికి ఈ వలస చరిత్రే పునాది.

ఈ తెలుగువారిలో క్రైస్తవులూ ఉన్నారు. 1870ల నుండి కెనడా బాప్టిస్టు మిషనరీలు పనిచేసిన కాకినాడ, బొబ్బిలి, శ్రీకాకుళం ప్రాంతాలకూ, ఖరగ్‌పూర్‌కు కార్మికులను పంపిన ప్రాంతాలకూ చాలావరకు పొత్తు ఉన్నది. బెంగాలీల నడుమ తెలుగువారు అల్పసంఖ్యాకులు. ఆ తెలుగువారిలో క్రైస్తవులు మరింత అల్పసంఖ్యాకులు. అటువంటి సమాజానికి ఆదివారపు తెలుగు ఆరాధన దైవప్రార్థన మాత్రమే కాదు, తన ఉనికికి ఆధారం కూడా. కుమారుడో కుమార్తెయో అన్యమతస్థులను వివాహమాడదలచినప్పుడు పెద్దలకు కలిగే భయాన్ని కేవలం ఛాందసత్వంగా కొట్టివేయడం న్యాయం కాదు. ఆ భయంలో మోక్షచింత ఉన్నది, వంశచింత ఉన్నది, భాషను కోల్పోతామన్న చింత కూడా ఉన్నది. అయితే ఆ భయానికి క్రైస్తవ ధర్మం ఏ సమాధానం ఇస్తుందన్నది విచారించవలసిన విషయం.

క్రొత్త నిబంధనలో ప్రేమకు గీసిన పరిధి విశాలమైనది. కొండమీది ప్రసంగంలో యేసు, మంచివారిపైనా చెడ్డవారిపైనా సమంగా ప్రసరించే ఎండనూ, కురిసే వాననూ దైవప్రేమకు ఉపమానాలుగా చూపాడు. లూకా సువార్తలోని మంచి సమరయుని కథ ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. నాటి యూదులకు సమరయులు దారితప్పిన విశ్వాసం గలవారు. ఆ కథలో దోపిడికి గురై పడి ఉన్నవానికి సహాయం చేసినవాడు ఆ అన్యుడే. ప్రేమించడం విశ్వాసి ఒక్కడి సొత్తు కాదనీ, పరమతస్థుని చేతినుండి ప్రేమను స్వీకరించడం కూడా అతడు నేర్చుకోవలసినదేననీ ఈ కథ సూచిస్తుంది. ఇచ్చే చేయి ఎప్పుడూ తనదే కావాలనుకొనేవాని దాతృత్వంలో కొంత అహంకారం దాగి ఉంటుంది.

ఈ సూత్రం ఖరగ్‌పూర్ జీవితంలో ఎట్లా పరీక్షకు వస్తుందో తెలుసుకోవడానికి విశ్వకర్మ పూజను గమనిస్తే చాలు. ఏటా సెప్టెంబరు మధ్యలో బెంగాల్‌లోని కర్మాగారాలలో యంత్రాలనూ పనిముట్లనూ శుభ్రపరచి, అలంకరించి, పూజించి, ప్రసాదం పంచుతారు. ఏడాది పొడవునా ప్రక్కన నిలిచి పనిచేసిన మిత్రుడు ప్రసాదం అందించినప్పుడు క్రైస్తవ కార్మికుడు ఏమి చేయాలి? దాదాపు ఇదే ప్రశ్న మొదటి శతాబ్దిలో గ్రీకు నగరమైన కొరింథులో తలెత్తింది. అక్కడి దేవాలయాలలో నివేదించిన మాంసం అంగడికీ, విందులకూ వచ్చేది. కొరింథీయులకు రాసిన మొదటి లేఖలో పౌలు దీనిని సుదీర్ఘంగా చర్చించాడు. అన్యదేవతారాధనలో పాలుపంచుకోవద్దని నిషేధించాడు. అయినా అవిశ్వాసి విందుకు పిలిస్తే వెళ్ళవచ్చుననీ, వడ్డించినదానిని గురించి ఆరాలు తీయకుండా భుజించవచ్చుననీ చెప్పాడు. అది నివేదితమని ఎవరైనా తెలియజేస్తే, తెలిపినవాని అంతఃకరణ నిమిత్తం మానుకొమ్మన్నాడు. అంటే తన స్వేచ్ఛను కొలవవలసిన కొలబద్ద ఎదుటివాని మనస్సు.

ఈ బోధను అనుసరించి ప్రసాదాన్ని వినయంగా వద్దనేవారు ఉంటారు. పొరుగువాని ఆప్యాయతకు గుర్తుగా స్వీకరించేవారూ ఉంటారు. ఇద్దరికీ అంతఃకరణ ఉన్నది. వద్దనేవాడు మిత్రుని ఆరాధనను హేళన చేస్తే అతడు విశ్వాసాన్ని కాపాడుకొన్నా ప్రేమను కోల్పోయినట్లే. స్వీకరించేవాడు భయం వల్లనో మొహమాటం వల్లనో తన విశ్వాసాన్ని మరుగుపరిస్తే అతని స్నేహంలో నిజాయితీ లోపించినట్లే. తానెవరో దాచకుండా, ఎదుటివానిని నొప్పించకుండా నిలబడడమే ఇక్కడ కష్టమైన పని.

వివాహ విషయంలో సమస్య మరింత గాఢమవుతుంది. ఈ సందర్భంలో క్రైస్తవ సంఘాలు సాధారణంగా ఉదహరించేది, అవిశ్వాసులతో ఒకే కాడిని మోయవద్దని పౌలు కొరింథీయులకు రాసిన రెండవ లేఖలో చేసిన హెచ్చరిక. ఎద్దునూ గాడిదనూ ఒకే నాగలికి పూన్చరాదన్న ప్రాచీన నియమం దీని వెనుక ఉన్నది. ఆ వాక్యంలో వివాహ ప్రసక్తి ప్రత్యక్షంగా లేకపోయినా, జీవిత గమ్యాన్ని గురించి ఇద్దరికీ రెండు దారులు ఉంటే బండి సాగడం కష్టమన్న లోకానుభవం అందులో ఉన్నది. కాబట్టి వివాహానికి పూర్వం ఆలోచించుకొమ్మనడం ద్వేషం కాదు.

అయితే అదే పౌలు మొదటి లేఖ ఏడవ అధ్యాయంలో, ఇదివరకే వివాహమైన దంపతులలో ఒకరు మాత్రమే విశ్వాసి అయితే ఏమి చేయాలన్నది కూడా వివరించాడు. అవిశ్వాసి కలిసి ఉండడానికి ఇష్టపడితే విశ్వాసి విడిచిపెట్టరాదు. వారు తామై విడిపోదలిస్తే బలవంతంగా నిలుపరాదు. చివరకు ఆయన ఒక ప్రశ్న వేశాడు: నీ సహచరుని నీవు రక్షించగలవో లేదో నీకెట్లా తెలుసు? ఈ ప్రశ్నను వ్యాఖ్యాతలు రెండు విధాలుగా గ్రహించారు. రక్షించగలవేమో, ఆశ విడువవద్దని కొందరి వ్యాఖ్య. రక్షించగలనన్న నిశ్చయం నీకు లేదు కనుక బంధాన్ని బలవంతంగా నిలుపవద్దని మరికొందరి వ్యాఖ్య. ఒకే వాక్యం ఆశకూ వినయానికీ చోటివ్వడం గమనార్హం. విశ్వాసి తన ప్రియమైన వ్యక్తి కొరకు ప్రార్థించవచ్చు, ఆశించవచ్చు. ఫలితం మాత్రం తన చేతిలో లేదు. మతం మారితేనే లభించే ప్రేమ బేరం అవుతుంది. మారేవరకు సహించే ప్రేమలో వల దాగి ఉంటుంది.

భర్తలను మాటలతో గాక ప్రవర్తనతో ఆకర్షించమని పేతురు మొదటి లేఖ భార్యలకు సలహా ఇస్తుంది. సెయింట్ అగస్టీన్ తల్లి మోనికాను దీనికి ఆదర్శంగా చూపుతారు. ఆమె భర్త పాట్రీషియస్ క్రైస్తవుడు కాడు, కోపిష్ఠి. జీవితపు చివరి దశలో అతడు బాప్తిస్మం పొందాడు. ఆమె ఓర్పు పూజనీయమే. అయితే ఆ ఓర్పును స్త్రీలందరికీ విధిగా మార్చి, ఇంటిలో హింసను సహించమని చెప్పడం ఆ బోధకు వక్రభాష్యం. సామరస్యం పేరిట భారమంతా ఇంటి ఇల్లాలిపైనే మోపే సంప్రదాయం ఏ ఒక్క మతానికో పరిమితం కాదు.

ఈ ప్రశ్నలు భారతీయ శాసనాలలోకి కూడా ప్రవేశించాయి. క్రైస్తవ మతం స్వీకరించినవారిని ఆ కారణంగా జీవిత భాగస్వామి విడిచిపెడితే విడాకులకు అవకాశం కల్పించిన 1866 నాటి చట్టం, తీర్పుకు ముందు ఒక సంవత్సరం గడువు విధించింది. మనసు మారడానికి కాలం కావాలన్న వివేకం అందులో ఉన్నది. 1872 నాటి ప్రత్యేక వివాహ చట్టం క్రింద పెళ్ళాడదలచినవారు క్రైస్తవం, హైందవం, ఇస్లాం మొదలైన మతాలలో దేనినీ తాము అవలంబించడం లేదని ప్రకటించవలసి వచ్చేది. ప్రేమ కొరకు విశ్వాసాన్ని త్యజించమన్న ఆ షరతు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో లేదు. కథోలిక సంఘం సైతం 1970లో తన నియమాలను సడలించి, పిల్లల మతాన్ని గురించి అన్యమత భాగస్వామి నుండి వాగ్దానం తీసుకొనే పద్ధతిని విడిచిపెట్టింది. కథోలిక భాగస్వామి మాత్రం తన శక్తిమేరకు ప్రయత్నిస్తానని మాట ఇవ్వాలి. రెండవవారికి ఆ సంగతి ముందుగా తెలియజేయాలి. దాపరికం కూడదన్నదే ఇందులోని నీతి.

తెలుగునాట ఒక ఉదాహరణ స్మరణీయం. ‘క్రీస్తు చరిత్ర’ రచించి సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన మహాకవి గుర్రం జాషువ కుమార్తె హేమలత 1960లో నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణంను వివాహమాడారు. క్రైస్తవ గృహానికీ నాస్తిక గృహానికీ ఏర్పడిన ఆ బాంధవ్యంలో కులభేదం కూడా తొలగిపోయింది. స్టువర్టుపురంలో నేరస్థులన్న ముద్ర మోస్తున్నవారి పునరావాసానికీ, జోగినీ దురాచార నిర్మూలనకూ ఆ దంపతులు కలిసి పాటుపడ్డారు. గమ్యాన్ని గురించిన సిద్ధాంతాలు వేరైన కుటుంబాలు సైతం పొరుగువాని సేవలో ఏకం కాగలవని వారి జీవితం నిరూపించింది.

అట్లని భేదం వల్ల కలిగే బాధ అంతటితో సమసిపోదు. తాను నిత్యసత్యమని నమ్మినదానిని తన ఆత్మీయులు నమ్మడం లేదన్న వేదన నిజమైనది. దానిని చిన్నదిగా చూపడం వల్ల ప్రయోజనం లేదు. మృత్యుశయ్య వద్ద, పిల్లలకు పేరు పెట్టే వేళ, అంత్యక్రియల వేళ అది మరల తలెత్తుతుంది. క్రైస్తవ బోధ ఈ వేదనను తొలగిస్తానని చెప్పదు. దానిని ఆయుధంగా మార్చవద్దని మాత్రం చెబుతుంది.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఒక ఆదివారపు ఉదయాన్ని ఊహించుకోవచ్చు. భార్య తెలుగు బైబిలు చేతపట్టి ఆరాధనకు బయలుదేరుతుంది. భర్త తన పూజ ముగించుకొని ఆమెను చర్చి వరకు దిగబెడతాడు. ఆమె లోపల అతని కొరకు ప్రార్థిస్తుంది. ఆ సంగతి అతనికి తెలుసు. గుమ్మం వద్దనే ఆగిపోతున్నందుకు ఆమె అతనిని నిందించదు. లోపలికి వెళుతున్నందుకు అతడు ఆమెను అడ్డగించడు. ఆరాధన ముగిసేవేళకు అతడు మరల వస్తాడు. ఆ రాకను తన ప్రార్థనకు ఫలితంగా లెక్కించకుండా, అతని ప్రేమగానే స్వీకరించగలిగితే, పౌలు వేసిన ప్రశ్నకు ఆమె తనకు సాధ్యమైన సమాధానం ఇచ్చినట్లే.