శరణాగతుడు వైద్యుని ఆశ్రయింపవచ్చునా?

వైష్ణవ గృహములందు ఇట్టి సంభాషణ ఎప్పుడో ఒకప్పుడు జరుగుచునే యుండును. తల్లికి కొంతకాలముగా కాళ్లు వాచుచున్నవి. నాలుగు అడుగులు వేయగానే ఆయాసము వచ్చుచున్నది. "ఒక్కసారి ఆసుపత్రిలో చూపించుకొందము రా అమ్మా" అని కుమారుడు బ్రతిమాలును. "ఇన్నేండ్లు కాపాడిన ఏడుకొండలవాడు ఇప్పుడు మాత్రము విడుచునా నాయనా? ఆయనయే చూచుకొనును" అని ఆ తల్లి తులసికోటకు నీరు పోయుటకై లేచును. కుమారునకు మారుమాట తోచదు. తల్లి భక్తిని ఆక్షేపించుటకు నోరు రాదు, ఊరకుండుటకు మనసొప్పదు.

మరియొక యింట దీనికి విపర్యయము కానవచ్చును. ఆ యజమాని తుమ్మినను వైద్యుని యొద్దకే పోవును, నిద్ర చాలకున్నను వైద్యుని యొద్దకే పోవును. కొంచెము నీరసము తోచినచో గ్లూకోజు ఎక్కించుకొన్నగాని ఆయనకు తృప్తి కలుగదు. ఒక వైద్యుడు "నీకే రోగమును లేదు" అన్నచో, రోగమున్నదని చెప్పు వైద్యుని వెదకుకొనుచు బయలుదేరును. సంధ్యావందనము తప్పిన దినములు కలవు గాని, రక్తపుపోటు చూచుకొనని పూట లేదు.

ఈ యిరువురిలో ధర్మమును తెలిసినవారెవరు? భగవంతుని శరణు జొచ్చిన గృహస్థుడు వైద్యుని యొద్దకు పోవలెనా, మానవలెనా? పోవలసియున్నచో ఎన్నిమారులు? విచారణ లేక వదలివేసినందున ఎందరి ప్రాణములకో ముప్పు తెచ్చుచున్న ప్రశ్న యిది.

మొదట ఆ తల్లి పక్షమును విచారింపవలెను. శరణాగతికి అంగములుగా పెద్దలు చెప్పినవానిలో "ఆయన రక్షించును" అను మహావిశ్వాసము ముఖ్యమైనది. అట్టి విశ్వాసము గలవాడు మరియొక రక్షకుని వెదకుట అవిశ్వాసము కాదా యని ఆమె భావము. ఈ సందేహము తేలికగా త్రోసివేయదగినది కాదు. అయితే ప్రపన్నుడు ఇతరోపాయములను విడుచుట మోక్షవిషయమున. సంసారమును దాటించుటకు భగవంతుడే సిద్ధోపాయమని నమ్మినవాడు, ఆకలి వేసినపుడు అన్నము తినుట మానలేదు. చలి వేసినపుడు కప్పుకొనుట మానలేదు. వంటయింటిలో పొయ్యి రాజేయుట విశ్వాసమునకు భంగమని ఏ ఆచార్యుడును చెప్పలేదు. ఆకలికి అన్నమెట్టిదో వ్యాధికి ఔషధమట్టిది. మొదటిదానిని స్వీకరించి రెండవదానిని విశ్వాసము పేర నిరాకరించుటకు శాస్త్రమున ఆధారము కానరాదు.

శ్రీమద్రామాయణమున యుద్ధకాండము దీనికి సాక్ష్యము. లక్ష్మణుడు రావణుని శక్తిచే కూలినపుడు శ్రీరాముడు దుఃఖించెను. వానరవీరుడగు సుషేణుడు వైద్యుడై నిలిచి పరీక్షించెను. ముఖకాంతి చెడలేదనియు ప్రాణమున్నదనియు నిశ్చయించి హనుమంతుని ఓషధి పర్వతమునకు పంపెను. తెచ్చిన మూలికను నలిపి నస్యమొసగగా లక్ష్మణుడు లేచి కూర్చుండెను. సాక్షాత్తు భగవదవతారము తన తమ్ముని విషయమున వైద్యుని మాట వినెను, ఔషధమునకై వేచియుండెను. క్షీరసాగర మథన సమయమున అమృతకలశమును ధరించి ధన్వంతరిగా ఉద్భవించినదియు ఆ శ్రీహరియే. వైద్యశాస్త్రము ఆయన సంకల్పమునకు వెలుపలిదైనచో ఆయన ఆ రూపమును ధరింపవలసిన పనియేమి?

ఇచట తిరుమల చరిత్ర నెరిగినవారు ఒక ప్రశ్న వేయుదురు. శ్రీరామానుజుల ఆజ్ఞ మేరకు తిరుమలలో పుష్పకైంకర్యమునకు నిలిచిన అనంతాళ్వాన్ కథ ప్రసిద్ధము గదా. నందనవనమున ఆయనను సర్పము కరచెను. విషమునకు చికిత్స చేయించుకొనవా యని అడిగినవారితో ఆయన, తన బలమధికమైనచో పుష్కరిణిలో స్నానమాడి ఇచటి స్వామిని సేవింతుననియు, సర్పము బలమధికమైనచో విరజానదిలో స్నానమాడి వైకుంఠనాథుని సేవింతుననియు తెలిపి, పూలు కోయుచునే యుండెనని పెద్దలు చెప్పుదురు. మరి ఆ మహనీయుడు వైద్యుని కోరలేదు గదా, మనమేల కోరవలెను?

కథను ఆచరింపదలచినవారు దానిని తుదిదాక ఆచరింపవలెను. అనంతాళ్వాన్‌కు పుష్కరిణియు విరజయు సమానములు. ఆయన చికిత్సను నిరాకరించుటలో భయము లేదు, లోభము లేదు, బద్ధకము లేదు. నేటి గృహస్థుడు "స్వామియే చూచుకొనును" అన్నపుడు లోపల ఏమున్నదో తానే పరీక్షించుకొనవలెను. ఏ రోగము బయటపడునో అను భయము కొందరిది. రూపాయలు ఖర్చగునను వెనుకాట కొందరిది. ఒకరిచేత చూపించుకొనవలసి వచ్చెననెడి సిగ్గు మరికొందరిది. వీనికి విశ్వాసమను పట్టుబట్ట కప్పినంత మాత్రమున అవి విశ్వాసము కానేరవు. దేహమును స్వామికి వదలితినని చెప్పువాడు ఇనుపపెట్టె తాళమును కూడ ఆయనకే వదలెనా? పొలము గట్టు తగవు వచ్చినపుడు ప్లీడరు నాశ్రయింపక ఊరకుండెనా? ధనవిషయమున లేని నిశ్చింత దేహవిషయమున మాత్రమే కలిగినచో అది సందేహింపదగినది. పాము కరచినవాడు అనంతాళ్వాన్‌ను తలచి నమస్కరింపవలెను. వెంటనే విషమునకు విరుగుడు మందు గల ఆసుపత్రికి చేరవలెను.

మన పూర్వులు దేవాలయములను నిర్మించినపుడు ఈ విషయమున సందిగ్ధపడలేదు. కాంచీపురమునకు సమీపమున, పాలారు మున్నగు మూడు నదుల సంగమమున తిరుముక్కూడల్ అను క్షేత్రమున వేంకటేశ పెరుమాళ్ ఆలయము కలదు. 11వ శతాబ్దమునాటి వీరరాజేంద్ర చోళుని శాసనము అందున్నది. ఆ ఆలయమునకు అనుబంధముగా వేదపాఠశాలయు, 15 పడకల ఆతురశాలయు ఉండెనని అది తెలుపుచున్నది. వైద్యునకు, శస్త్రచికిత్స చేయువానికి, మూలికలు తెచ్చువారికి, రోగులకు పరిచర్య చేయు స్త్రీలకు జీతములు అందు నిర్ణయింపబడినవి. నిలువ యుంచవలసిన ఔషధముల పేర్లును కలవు. ఆంధ్రదేశమున కాకతి రుద్రమదేవి కాలమున, 1261లో వెలసిన మల్కాపుర శాసనము శైవమఠమునకు అనుబంధముగా ప్రసూతిశాలకును ఆరోగ్యశాలకును వృత్తులు కల్పించినది. నేడు తిరుపతిలో స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులును, తిరుమల కొండపై అశ్విని ఆసుపత్రియు స్వామి సన్నిధి ఛాయలోనే వెలసియున్నవి. స్వామి పేర నెలకొన్న వైద్యశాలకు పోవుట స్వామిని నమ్మకపోవుట యెట్లగును?

ఇక ఎన్నిమారులు పోవలెనను ప్రశ్న. ఇందు సంఖ్య ప్రమాణము కాజాలదు. 2021 నాటి లెక్కల ప్రకారము దక్షిణ కొరియా దేశమున ఒక్కొక్కరు సంవత్సరమునకు సగటున 15 మారులకు పైగా వైద్యుని చూచిరి. స్వీడన్ దేశమున 3 మారులకు లోపే చూచిరి. రెండు దేశములవారి సగటు ఆయుర్దాయము 80 ఏండ్లకు పైబడియే యున్నది. మన దేశమున 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో, ప్రసవములు గాక, ఏడాదిలో ఆసుపత్రిలో చేరినవారు నూటికి ఇంచుమించు ముగ్గురు. గడచిన 15 దినములలో అస్వస్థతగా నుంటిమని చెప్పినవారు నూటికి ఏడెనిమిది మంది. 60 ఏండ్లు దాటినవారిలో నూటికి సుమారు 28 మంది. విశేషమేమనగా, దీర్ఘాయుష్మంతులకు పేరుగాంచిన కేరళముననే రోగము కలదని చెప్పినవారు అధికము. అచట రోగము అధికమని అర్థము కాదు. రోగమును గుర్తించుట, నోరు విప్పి చెప్పుట అచటివారు నేర్చుకొనిరి. చెప్పనిచోట రోగము లేదని తలచుట పొరపాటు.

చరకసంహిత సూత్రస్థానమున పదునొకండవ అధ్యాయము ఈ విషయమున కన్ను తెరిపించును. మానవుడు కోరదగిన వానిలో ప్రాణమును మొదట, ధనమును తరువాత, పరలోకమును పిమ్మట చెప్పి, ప్రాణము పోయినచో తక్కినవి సాధింపరానివని మహర్షి అందు వివరించెను. ఆ అధ్యాయముననే ఒక మూఢుని చిత్రమున్నది. వాడు మొలకెత్తుచున్న వ్యాధిని అల్పుడగు శత్రువును వలె ఉపేక్షించును. అది బలిసి మీదబడినపుడు భార్యాపుత్రులను బంధువులను పిలిచి, ఉన్న సర్వస్వము నిచ్చియైనను వైద్యుని తెండని మొరపెట్టును. నేటి ఆసుపత్రుల వాకిళ్లలో ఈ దృశ్యము ప్రతిదినము కానవచ్చుచున్నది. సుశ్రుతుడును దోషము కూడుకొనుట మొదలు వ్యాధి ముదురు వరకు ఆరు దశలను చెప్పెను. బాధ తోచునప్పటికే పెక్కు దశలు గడచియుండునని దీని తాత్పర్యము.

నేటికాలమున రక్తపుపోటు, మధుమేహము అట్టివే. చాలకాలము అవి నొప్పి నీయవు. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలివారి అధ్యయనము దేశమున 10 కోట్లమందికి పైగా మధుమేహము కలదనియు, పెద్దవారిలో నూటికి సుమారు 35 మందికి అధిక రక్తపుపోటు కలదనియు తెలిపినది. కనుక నొప్పి వచ్చినపుడే పోదమనుట చాలదు. 30 ఏండ్లు దాటినవారికి ఈ రెండింటిని పరీక్షించు ఏర్పాటు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో కలదు. బాధ లేకున్నను ఏడాదికొకమారైనను చూపించుకొనుట, రోగమున్నదని తెలిసినపుడు మందు మానకుండుట గృహస్థునకు విధి. కొండకు నడచి వత్తునని మ్రొక్కుకొని, ఆ దినములలో మందుబిళ్లలను ఇంటనే విడచి 3,550 మెట్లు ఎక్కబూనుట స్వామిని సంతోషపెట్టు కార్యము కాదు. హృద్రోగులు కాలినడకను మానుడని దేవస్థానమువారే హెచ్చరించుచున్నారు గదా.

ఉపవాసముల పేర మందు మానెడి స్త్రీలును కలరు. వ్రతమునకు భంగము కలిగింపని ఎనిమిదింటిని విదురుడు చెప్పుచు, నీరు, పాలు మున్నగువానితో పాటు ఔషధమును, గురువాక్యమును కూడ చేర్చెను. నిజమునకు మన యిండ్లలో వైద్యుని యొద్దకు తక్కువగా పోవువారు ఈ తల్లులే. ఇంటిల్లిపాదికిని జ్వరము వచ్చినపుడు కషాయము కాచి యిచ్చు చేయి తనకు జ్వరము వచ్చినపుడు పొయ్యి యొద్దనే యుండును. ఆమె అడుగలేదు గనుక తీసికొని పోలేదనుట భర్తకును కుమారులకును తగిన సమాధానము కాదు. అట్లే డబ్బు లేక పోలేనివాని మీద ఉపేక్షా దోషమును మోపరాదు. ఆ దోషము అతని పొరుగున సుఖముగా నున్నవానికి చెందును.

రెండవ యజమాని మాట మిగిలియున్నది. దేహమును ఉపేక్షించుట ఒక దోషమైనచో దేహమునే దేవుని చేసికొనుట మరియొక దోషము. చరకుడు మంచి రోగికి నాలుగు గుణములు చెప్పెను: జ్ఞాపకశక్తి, వైద్యుని మాట పాటించుట, ధైర్యము, తన బాధను ఉన్నదున్నట్లు చెప్పగలుగుట. అవసరము లేని సూదిమందును కోరువాడు, ఇచ్చిన మందును సగములో మాని వేరొకరి యొద్దకు పరుగెత్తువాడు ఈ నాలుగింటిలో రెంటిని కోల్పోయినవాడే. ఆ పూట నిజముగా ఆపదలో నున్న మరియొక రోగికి దక్కవలసిన వైద్యుని కాలమును కూడ అతడు హరించుచున్నాడు.

ఈ రెండు దోషములకును మూలమొక్కటియే: దేహము నాదియను భావము. నాది గనుక పాడుచేసికొందునని ఒకడు, నాది గనుక దానినే లాలించుచుందునని మరియొకడు. విశిష్టాద్వైత సిద్ధాంతమున జీవుడును దేహమును భగవంతునకు శేషభూతములు. ఆలయ భాండాగారమున స్వామి ఆభరణములను కాపాడు పారుపత్తెదారు వానిని మాసిపోనీయడు, ఒక రాయి ఊడినచో వెంటనే కంసాలికి చూపును. అట్లని గడియకొకమారు పెట్టె తెరచి ఆ నగలను తాను ధరించి మురియడు. లెక్క అప్పగింపవలసిన దినమున్నదని ఆతడెరుగును. ప్రపన్నుడు దేహమును ఆ విధముగా చూచుకొనవలెను.

ఆ అప్పగింత దినము వచ్చినపుడెట్లు వర్తింపవలెనో భీష్మ పితామహుడు చూపెను. అంపశయ్యపై నున్న ఆయన యొద్దకు దుర్యోధనుడు బాణములను తీయుటలో నేర్పరులైన వైద్యులను తీసికొని వచ్చెను. భీష్ముడు వారిని నిందింపలేదు. తగిన ధనమిచ్చి సత్కరించి పంపివేయుమనెను. ఆయన క్షత్రియధర్మము ముగిసినది, చేయవలసినది చేసెను, ఇక వైద్యముతో పనిలేదు. ఆ స్థితిలో చికిత్సను చాలించుట ఉపేక్ష కాదు. ఆ శయ్యపై నుండియే ఆయన ధర్మరాజునకు విష్ణు సహస్రనామములను ఉపదేశించెను. వానిలో వైద్యుడు, భేషజము, భిషక్కు అను నామములును కలవు. వైద్యులను సాగనంపిన నోటనే భగవంతుని వైద్యుడని కీర్తించెను.

అయితే మొదట చెప్పిన ఆ తల్లికి ఇంకను ఆ దినము రాలేదు. కుమారుడు ఆమె విశ్వాసముతో వాదింపనక్కరలేదు. "అమ్మా, ఈ దేహము స్వామిదని నీవే నేర్పితివి గదా. ఆయన సొత్తుకు ఏమైనదో చూపించుకొని వత్తము రమ్ము" అని చేయి పట్టుకొన్నచో చాలును. తులసికి నీరు పోయుట ముగిసిన పిమ్మట ఆమె తప్పక లేచి వచ్చును. శ్రీనివాసుని కృపచే ఆమె మరికొన్ని వత్సరములు ఆ తులసికి నీరు పోయుచుండుగాక.