అతిథి ధర్మంలో వాటా

హైదరాబాద్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసిండు. "మామా, బ్యాంకుల పైసలు పెడితే ఏమొస్తది? బొటిక్ హోటల్‌ల వాటా తీస్కో." వరంగల్ దగ్గర పాత మేడ, పద్నాలుగు గదులు. గదుల అద్దె ఒక రాబడి, జాగా ధర పెరగడం ఇంకొకటి. సెబీ 2024లో తెచ్చిన చిన్న రీట్ల నియమాలు 50 కోట్లకు తక్కువ ఆస్తికి వర్తించవు కనుక, ఇలాంటి చోట భాగస్వాముల ఒప్పంద పత్రమే ఆధారం. దాన్నీ చదివాను. లెక్కలో లోపం కనబడలేదు. కానీ అతిథిని ఆదరించడం గృహస్థు ధర్మమైతే, ఆ ధర్మంలో పదోవంతు కొనుక్కోవడం సాధ్యమా?

అద్దె పుచ్చుకోవడం తప్పని నేననను. సూరత్‌లోని వడోద్‌లో మా ఇంటిపైన రెండు గదులు సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే ఒడియా పిల్లలకు కిరాయికిచ్చాం. పాండేసరలో రాత్రి షిఫ్టు చేసొచ్చినవాడు నడుం వాల్చేసరికి, పగటి షిఫ్టువాడు అదే చాప మీంచి లేచి వెళ్తాడు. నెల కాగానే కిరాయి అడుగుతాం. ఎవరికైనా జ్వరమొస్తే మా ఇంటావిడ జావ కాచి పంపుతుంది. కిరాయి అడిగేదీ, జావ పంపేదీ ఒకే గడప.

తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి ఈ విషయంలో చాలా సూటిగా మాట్లాడుతుంది. బస కోరి వచ్చిన ఎవరినీ కాదనకపోవడం వ్రతం, అందుకోసమే అన్నాన్ని సమృద్ధిగా సంపాదించుకోవాలి అంటుంది. సంపాదనను అది తక్కువ చేయలేదు, ఆతిథ్యం కోసం సంపాదించమంది. సంపాదన కోసం ఆతిథ్యం ఇచ్చేచోట ఆ వ్రతం ఎవరిది? మేనేజరుది జీతం, వాటాదారుడిది లాభం. వచ్చినవాడికి ఎదురెళ్లే గృహస్థు ఎవరు?

ఆతిథ్యం కోసమే పెట్టిన సొమ్ముకు సూరత్‌లోనే పాత ఉదాహరణ ఉంది. ఒకప్పుడు హజ్ ఓడలు బయల్దేరిన రేవు ఇది. షాజహాన్ కాలంలో, 1644లో, హకీకత్ ఖాన్ యాత్రికుల కోసం ముగలీసరా కట్టించాడు. ఇప్పుడది నగరపాలక సంస్థ కార్యాలయం. నేనూ పన్ను పని మీద అక్కడికే వెళ్తాను. అహ్మదాబాద్‌లో బట్టల మిల్లుల యజమాని మంగళ్‌దాస్ గిర్ధర్‌దాస్ 1924లో కట్టుకున్న మేడ ఇవాళ పేరున్న బొటిక్ హోటల్. అక్కడ గది ఖరీదైనదే, అయినా నడిపేది ఆ కుటుంబమే. అతిథి ఎవరింటికి వచ్చాడో తెలుస్తుంది. శ్రీశైలంలో మా పద్మశాలీల సత్రానికీ చందాలు ఇచ్చినవాళ్లు ఎందరో. అక్కడ కూడా సొమ్ము అందరిదీ. కానీ ఆ సొమ్ము లాభమై తిరిగి రావాలని ఎవరూ చూడరు. అందుకే ఎంతమంది పంచుకున్నా ఆ ధర్మం చీలలేదని నా నమ్మకం.

మేనల్లుడికి ఒక షరతు చెప్పాను. పద్నాలుగు గదుల్లో ఒకటి, డబ్బు లేక దారిలో చిక్కుకున్నవాళ్లకు, ఆసుపత్రికొచ్చి బస దొరకనివాళ్లకు ఉంచాలి. దాని ఖర్చు అందరి లాభంలోంచి పోవాలి. నోటిమాట కాదు, పత్రంలో రాయాలి. అట్లయితే నా పైసలు పెడతాను.

"మిగిలినోళ్లను అడిగి చెప్తా మామా" అన్నాడు.