బియ్యం నిండుకున్నాయి

ఇంట్లో బియ్యం అయిపోతే 'అయిపోయాయి' అనడానికి మనకు నోరు రాదు. 'నిండుకున్నాయి' అంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. వెళ్ళిపోతూ 'వస్తాను' అంటాం. పరాయివాడు తికమకపడతాడేమో గాని, మనింటి పసివాడు పొరబడడు. అమ్మ చేతిలో ఖాళీ డబ్బా వాడికి కనబడుతూనే ఉంటుంది గదా!

కనబడనివాడి గతేమిటన్నది ప్రశ్న.

మా మేనల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సెలవుకు సిద్దిపేట వచ్చినప్పుడు తన పని గురించి చెప్పాడు. "మామా, గిప్పుడు కృత్రిమ మేధ మాట్లాడుడే కాదు, పనులు గూడ చేస్తది. ఒక్కో పనికి ఒక్కో పనిముట్టు ఇస్తం. ఏది ఎప్పుడు వాడాల్నో నాలుగు మాటల్ల రాసిపెడ్తం. దానికి కనబడేది ఆ నాలుగు మాటలే."

2023 నుంచి ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే సంస్థ 'మోడల్ కాంటెక్స్ట్ ప్రొటోకాల్' పేరుతో ఇందుకొక ఉమ్మడి ఒరవడిని ప్రకటించింది. పనిముట్టు పేరు, అది చేసే పని, దానికి అందించవలసిన వివరాలు - యంత్రం చూడగలిగినవి ఇవే. వీటిని బట్టే ఏది చేపట్టాలో తేల్చుకోవాలి.

మన శాస్త్రకారులకు ఈ చిక్కు కొత్త కాదు. 'సైంధవం తీసుకురా' అన్నది వారి పాత ఉదాహరణ. సైంధవమంటే ఉప్పూ అవును, గుర్రమూ అవును. యజమాని విస్తరి ముందు కూర్చుంటే ఉప్పు, ప్రయాణానికి సిద్ధమైతే గుర్రం. సేవకుడికి విస్తరి కనబడింది కాబట్టి బతికిపోయాడు. యంత్రానికి విస్తరి లేదు. విస్తరి సంగతి కూడా మనమే రాయాలి.

మా ఊరి గొల్లభామ చీరనే తీసుకోండి. పేరు చెబితే చాలు, ఇక్కడ ఎవరైనా గుర్తుపడతారు. ఎన్నడూ చూడనివాడు మాత్రం అది గొల్లభామలు కట్టుకునే చీర కాబోలు అనుకుంటాడు. తలమీద కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మను మగ్గం మీద నేసిన చీర అని విడమరిస్తే తప్ప తెలియదు. తెలిసినవాడికి పేరే వివరణ. తెలియనివాడికి పేరు ఒక్కోసారి పక్కదారి.

ఇందులో ధర్మాధర్మాల మాటేమిటంటారా? ఒక ఆసుపత్రిని ఊహించుకోండి. అక్కడి యంత్రానికి 'అపాయింట్‌మెంట్ తీయి' అనే పనిముట్టు ఇచ్చారు. రాసినవాడి ఉద్దేశం తీసివేయమని. యంత్రం తీసి చూపించడమనుకుంది. దుబ్బాక నుంచి మొదటి బస్సులో వచ్చిన ముసలమ్మ వంతు గల్లంతయింది. తప్పెవరిది?

అనుమానం వస్తే అడగొద్దా అంటారు. అడగవలసిందే. కాని రెండో అర్థం ఉందనే తెలియనివాడికి అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది? రెండు అర్థాలూ తెలిసినవాడు రాసినవాడే. కనుక బాధ్యతలో పెద్దవాటా అతనిదేనని నా అభిప్రాయం. ఇది ఏం చేస్తుంది, ఎప్పుడు వాడకూడదు, చేస్తే వెనక్కి తీసుకోవచ్చా లేదా - ఈ మూడూ చెప్పాకే పనిముట్టు చేతికివ్వాలి. వెనక్కి తీసుకోలేని పనైతే, ఎంత స్పష్టంగా రాసినా సరే, ముందు ఒక మనిషి సమ్మతి అడిగేలా ఏర్పాటు చేయాలి.

అలాగని గ్రంథాలు రాయమనడం లేదు. పనిముట్లు పెరిగి, వివరణలు చాంతాడంతైతే అసలు మాటే మరుగున పడుతుంది. కావలసింది పొడవు కాదు, అవతలివాడికి ఏం తెలియదోనన్న ఎరుక.

ఆ ఎరుకే మనకు తక్కువ. కొత్త కోడలికి 'ఉప్పు తగినంత' అంటాం. ఎంత అని అడిగితే 'ఆ మాత్రం తెలియదా?' అంటాం. కార్యాలయంలో దరఖాస్తు ఎలా నింపాలో తెలియక ముసలాయన కిటికీ దగ్గర నిలబడితే, అక్కడా అదే మాట. మనలో మనకు సగంమాట చాలడం చనువు. కొత్తవాడితో సగంమాటే ఆడి, తెలియలేదని కసురుకోవడం అహంకారం.

యంత్రాన్ని కసురుకుని లాభం లేదు. అందుకే చదువుకున్న కుర్రాళ్ళు దానికోసం ఒక్కో మాటనూ నాలుగుసార్లు దిద్ది రాస్తున్నారు. మంచిదే. ఆ ఓపికలో కాస్త మిగిల్చి కిటికీ ముందు నిలబడ్డ ముసలాయనకూ పెడితే ఇంకా మంచిది. ఆయన ఆ వరుసలో మనందరికన్నా ముందు నిలబడినవాడు.