ఇనుప సిలువ తెచ్చిన స్నేహము

1813లో ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విల్హెల్మ్ వెండి అంచుగల నల్లని ఇనుప సిలువను శౌర్యపతకముగా నియమించెను. 1939లో హిట్లరు దాని నడుమ తన స్వస్తిక గుర్తు వేయించెను. 1957లో పశ్చిమ జర్మనీ ఆ గుర్తు లేకుండ ధరించుటకు సెలవిచ్చెను.

నేడు ఇంగ్లాండు, అమెరికా, జర్మనీ దేశస్థులు ఈ పాత పతకములను సేకరించుచున్నారు. నకిలీలు విస్తారము గనుక ఒకరినొకరు సలహా అడిగి, క్రమముగా మిత్రులగుదురు. ఒకరినొకరు కాల్చుకొన్న తాతల మనుమలు ఇట్లు కలిసికొనుట చిన్న సంగతి కాదు.

అయితే స్నేహము కలిగినంత మాత్రమున ఆ వస్తువు నిర్దోషమగునా? హేరోదు పిలాతులు యేసు విచారణ దినముననే మిత్రులైరి (లూకా 23:12). పతకము పొందినవాడు ఎక్కడ, ఎవరిమీద ఆయుధమెత్తెనో ఈ మిత్రులు అడుగుకొందురా? హతులైన యూదుల ప్రస్తావన వచ్చినప్పుడు మాట మార్చకుందురా? అట్లు మార్చనివారి స్నేహమును నేను నమ్ముదును. ధరనుగూర్చియే మాటలాడువారిది బేరము.